అన్నీ నీలి చుక్కలే

(పద్నాలుగో భాగం)

పోయిన వారం హరితను పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్ జెట్టీ మీద నిలబెట్టి వదిలేశాం. గోవిందు బోటు నడిపే తండేలు లక్ష్ముడు తట్టల నిండా సూర చేపలు దించుతూ, వాటిని ఎక్కడ పట్టాడో నలుగురికీ గొప్పగా చెప్పుకుంటుంటే ఆమె విన్నది. మూడు రోజుల్లో మూడు చోట్లు. ఆ మూడూ హరిత తండ్రి దాలయ్య ఇరవై ఏళ్లుగా కడుపులో దాచుకున్న చోట్లు. ఒక్కటైతే అదృష్టం అనుకోవచ్చు. వరసగా మూడు తగిలితే దాన్ని అదృష్టం అనేవాళ్లు జంగ్లీఘాట్‌లో ఎవరూ లేరు.

సముద్రం మీద బతికేవాళ్లకు బోటు ఆస్తి కాదు, వల ఆస్తి కాదు. డబ్బుంటే అవి ఎవరైనా కొంటారు. చేప ఎక్కడుంటుందో తెలియడమే ఆస్తి. దాలయ్య పద్దెనిమిదేళ్ల వయసులో శ్రీకాకుళం ఒడ్డు వదిలి ఓడెక్కి ఈ అండమాన్ దీవులకు వచ్చాడు. ఈ కొండ ఆ కొండ వెనక్కి దాగిన చోట, ఫలానా చెట్టు లైట్‌హౌస్‌తో కలిసిన చోట అని గుర్తులు పెట్టుకుని చేపల చోట్లు తెలుసుకున్నాడు. సునామీ వచ్చి ఆ లెక్కంతా చెరిపేసింది. నేల నడుము లోతున కిందికి దిగిపోయింది, గుర్తు పెట్టుకున్న చెట్లు పోయాయి, జెట్టీలు మునిగిపోయాయి. అందరూ పడవలు పోయాయని ఏడుస్తుంటే దాలయ్య గుర్తులు పోయాయని ఏడ్చాడు. ఆ తర్వాత చేతిలో పట్టే జీపీఎస్ ఒకటి కొనుక్కుని, మొదటి నుంచీ మొదలుపెట్టి, తొమ్మిదేళ్లలో రెండువందల పన్నెండు చోట్లు మళ్లీ పోగేశాడు.

వాటిని ఆండ్రాయిడ్ ఫోన్‌లోకి ఎక్కించింది హరిత, కాలేజీలో ఉన్నప్పుడు, ఒక వానాకాలమంతా కూర్చుని. దాలయ్యకు అక్షరం ముక్క రాదు. కానీ ఆ చేపల యాప్‌లో చోటుకి పేరు రాయకపోయినా బొమ్మ పెట్టుకోవచ్చు, రంగు మార్చుకోవచ్చు. తండ్రి చెప్పడం, కూతురు పెట్టడం. పసుపు చేప పెడితే సూర. ఎర్ర పువ్వు పెడితే కోనాం చేప. గొడుగు పెడితే వానాకాలంలో మాత్రమే వెళ్లాల్సిన చోటు. ఇక ఇల్లు బొమ్మ పెట్టిన చోట్లు పందొమ్మిది. అక్కడ నీళ్లకింద పాత జెట్టీ గుంజలో, ఉప్పునీళ్లకి చచ్చి మునిగిన చెట్ల మోళ్లో ఉంటాయి. పోటు మీద ఏమీ కనిపించదు. ఆటు తీసినప్పుడు పైన బోటుంటే అడుగు చీలిపోతుంది. ప్రమాదానికి ఇల్లు బొమ్మ ఏమిటి నాన్నా అని హరిత నవ్వితే, ములిగిపోనాది ఇల్లే కదేటి అన్నాడు దాలయ్య.

ఇప్పుడు ఆ ఫోన్ చావుకొచ్చింది. బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచిపోతే రబ్బరు బ్యాండు వేసి పట్టుకుంటున్నారు. ఆ యాప్ చేసినవాళ్లు దుకాణం కట్టేసి చాలా ఏళ్లయింది. సరిగ్గా అప్పుడే ఐఫోన్ కొత్త మోడల్ విడుదలైంది, దాంతోపాటు చెన్నై చేపల కంపెనీ మేనేజర్ కూడా దిగాడు. సూర చేపని ఎక్కడ, ఎన్నింటికి పట్టారో ఫొటోతో సహా రాసే యాప్ వాళ్లది, అది ఐఫోన్‌లోనే నడుస్తుంది. ఫోన్ వాళ్లే ఇస్తారు, చేప వాళ్లే కొంటారు, ధర బజారు కంటే ఎక్కువ. షరతు ఒక్కటే. బోటు దారంతా ఆ ఫోన్‌లోనే నడవాలి, పక్కన ఇంకో మ్యాపు పెట్టుకున్న బోటు చేప లెక్కలోకి రాదు. హరిత మనసు అటే మొగ్గింది. గుర్తులన్నీ కొత్త ఫోన్‌లోకి వస్తాయో రావో చూడమని పాత ఫోన్‌ని అబర్డీన్ బజార్‌లో మొబైల్ షాపు నడిపే మేనమామ కొడుకు లోకేష్‌కి ఇచ్చింది. ఇచ్చిన మూడో రోజు నుంచే లక్ష్ముడి తట్టలు నిండడం మొదలైంది.

ఇంత తెలిశాక ఆమెకు ఆ రాత్రి నిద్ర పడుతుందా? మర్నాడు షాపు తెరిచే వేళకి, బస్సు కోసం చూడకుండా ఆటో ఎక్కి లోకేష్ షాపు ముందు దిగింది. పొద్దున్న పదకొండు గంటలు.

లోకేష్ ఆమెను చూడగానే మొహం ఇంత చేసుకున్నాడు. పని అయిపోయిందన్నాడు. స్టూలు వేశాడు, చాయ్ చెప్పాడు. కొత్త ఫోన్ ఒకటి బయటికి తీసి, ఇంకా గీత పడని ఆ అద్దాన్ని రుమాలుతో తుడిచి, ఆమె ముందు పెట్టాడు. రెండువందల పన్నెండుకి రెండువందల పన్నెండూ వచ్చాయట, ఒక్కటి పోలేదట. హరిత ఫోన్ చేతిలోకి తీసుకుంది. దక్షిణ అండమాన్ మ్యాపు తెరుచుకుంది. నిజమే, అన్నీ వచ్చాయి. రట్లాండ్ చుట్టూ, చిడియాటాపూ కింద, అటు లోతు సముద్రంలోకి, చిన్న చిన్న నీలి చుక్కలు. ఒక్కో దాని పక్కన ఒక నంబరు.

చేప లేదు, పువ్వు లేదు, గొడుగు లేదు, ఇల్లు లేదు. అన్నీ నీలి చుక్కలే.

బొమ్మలు ఏమయ్యాయని అడిగింది. లోకేష్ తేలిగ్గా చేయి ఊపాడు. ఈ ఫోన్ నుంచి ఆ ఫోన్‌కి పోయేది చోటూ నంబరూ మాత్రమే, బొమ్మలూ రంగులూ ఆ యాప్ సొంతం, అవి రావు. అయినా బొమ్మలతో పనేముంది, ఎక్కడుందో తెలిస్తే చాలదా అన్నాడు.

హరితకు ఆ క్షణంలో కళ్లముందు కదిలింది చేపల ధర కాదు, కంపెనీ కాదు. బ్యాంకులో వేలిముద్ర వేసేటప్పుడు చుట్టూ చూసి సిగ్గుపడే తండ్రి, ఆ ఫోన్ చేతికొస్తే మాత్రం పేపరు చదివే మాస్టారులా వెనక్కి వాలి వేలితో జరుపుకుంటూ చదివే తండ్రి.

"దీంట్లో మా నాన్న మళ్లీ చదువు రానివాడైపోతాడు బావా," అన్నది. "నాకొద్దు ఇది."

లోకేష్ వినిపించుకోలేదు. పాత ఫోన్ ఇవాళో రేపో పోతుందన్నాడు. యాప్ ఇప్పుడు స్టోర్‌లో కూడా దొరకదు, పాతదాన్నే పట్టుకుని ఎన్నాళ్లు వేలాడతావన్నాడు. హరిత దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. సముద్రం కింద నెట్ కేబుల్ వచ్చేదాకా ఈ దీవుల్లో స్టోర్ నుంచి దించుకున్నవాడెవడు? చెన్నై నుంచి ఎవరో ఒకరు ఫోన్‌లో యాప్ వేసుకుని వస్తే, వాడి ఫోన్ నుంచి పక్కవాడికి, పక్కవాడి నుంచి వీధి మొత్తానికి పాకేది. ఆండ్రాయిడ్‌లో ఆ దారి ఇప్పటికీ ఉంది. ఇంకో ఆండ్రాయిడ్ ఫోన్ కొని, యాప్‌నీ దాని ఫోల్డర్‌నీ కలిపి అట్లాగే పంపుకుంటే బొమ్మలతో సహా వస్తుంది. ఐఫోన్‌లో ఆ దారి లేదు. ఆమె అక్కడికక్కడే కంపెనీ మేనేజర్‌కి ఫోన్ చేసి, మా బోటుని లిస్టులోంచి తీసేయండి అని హిందీలో మర్యాదగా చెప్పి పెట్టేసింది. నెల రోజులుగా నలిగిన విషయం రెండు నిమిషాల్లో తేలిపోయింది. తేలిపోయాక గుండె తేలికపడింది కూడా.

ఇక అసలు సంగతి మిగిలింది.

"బావా, మా చోట్లు గోవిందు గారి బోటుకెట్లా తెలిసినయ్?"

చాయ్ గ్లాసు అందుకోబోయిన లోకేష్ చెయ్యి మధ్యలో ఆగింది.

ఇక్కడ ఈ ఊరి అలవాటు ఒకటి చెప్పాలి, లేకపోతే లోకేష్‌ని మరీ దొంగ అనుకుంటారు. నెట్ నత్తనడక నడిచిన రోజుల్లో ఫోన్ పాడైతే సామాను క్లౌడ్ అంటూ ఆకాశంలో దాచుకునే సౌకర్యం మనవాళ్లకు లేదు. ఫోన్‌ని షాపులో ఇచ్చేసేవాళ్లు, తాళం తీసే గీత ఎలా గీయాలో చీటీ మీద గీసి వెనక అంటించి మరీ. షాపువాడు ఉన్నదంతా తన కంప్యూటర్‌లోకి ఎక్కించి, కొత్త ఫోన్‌లోకి దించేవాడు. పోర్ట్ బ్లెయిర్‌లో సగం ఇళ్ల పెళ్లి ఫొటోలూ, ఓడ టిక్కెట్లూ లోకేష్ కంప్యూటర్‌లో ఉన్నాయి. నెట్ వచ్చి మూడేళ్లయినా అలవాటు పోలేదు. బీరువా తాళం చెల్లెలికి ఇవ్వని ఆడవాళ్లు కూడా ఫోన్ తాళం షాపులో ఇచ్చి కూరగాయలకు వెళతారు. అంత తెలివైన హరితా అదే చేసింది.

లోకేష్ మెల్లగా చెప్పాడు. గుర్తుల ఫైలు కొత్త మోడల్‌లో తెరుచుకుంటుందో లేదో చూడటానికి ఆ రోజుకి తన షాపులో కొత్త మోడల్ రాలేదు. ఊళ్లో ఉన్నది ఒక్కటే, గోవిందు విమానంలో తెప్పించుకున్నది, అద్దం మీద రేకు అతికించమని షాపులో పెట్టి వెళ్లాడు. అందులో వేసి చూశాడు. తెరుచుకుంది. సంతోషించాడు. తీసేయడం మర్చిపోయాడు. మర్నాడు గోవిందు వచ్చి ఈ చుక్కలేమిటోయ్ అని అడిగాడు.

"నువ్వేం చెప్పావ్?"

"ఏం చెప్పలేదు. చుప్ ఉండిపోయా." లోకేష్ తల దించుకున్నాడు. "షాపు రూము ఆయనదే కద హరితా."

తిట్టాలనిపించింది. చిన్నప్పటి నుంచీ ఇద్దరికీ పెళ్లని రెండిళ్లలోనూ అనుకుంటున్నారు, ఆ మాట కూడా గుర్తొచ్చి ఇంకా కోపం వచ్చింది. తప్పు చేసినందుకు కాదు, మర్నాడు నోరు మూసుకున్నందుకు. ఇంకెవరికైనా ఇచ్చావా అని అడిగింది. ఒట్టు, ఆ ఒక్క ఫోనే అన్నాడు. ఆమె పాత ఫోన్ తీసుకుని, వెనక అంటించిన చీటీ పీకి ముక్కలు చేసి అతని టేబుల్ మీద పోసి బయటికి నడిచింది.

మెట్లు దిగుతుండగా ఆమెకు ఇంకో మాట తట్టింది. తనకు వచ్చినట్టే గోవిందుకీ వచ్చి ఉంటాయి. అతని ఫోన్‌లోనూ అన్నీ నీలి చుక్కలే. మూడు చేపల చోట్లు తగిలేసరికి రెండువందల పన్నెండూ చేపలే అనుకుంటాడు. లక్ష్ముడు ఇవాళ తెల్లవారకముందే తనతో కలిపి ఏడుగురితో రట్లాండ్ వైపు వెళ్లాడు. మధ్యాహ్నం దాటాక గాలి లేస్తుందని వాతావరణం వాళ్లు పొద్దున్నే చెప్పారు. గాలి లేస్తే ఏ తండేలైనా ఒడ్డు చాటుకు వచ్చి లంగరు వేస్తాడు. చాటున ఒక నీలి చుక్క కూడా కనిపిస్తే, చాటుకు చాటు, చేపకు చేప అనుకుని సరిగ్గా దాని మీదే వేస్తాడు. ఒడ్డు చాటున ఉన్న చుక్కల్లో ఎక్కువ భాగం ఇళ్లే. సాయంత్రానికి ఆటు పూర్తిగా తీస్తుంది.

రట్లాండ్ అవతల ఫోన్ సిగ్నల్ లేదు. బోటు వైర్‌లెస్ సెట్టు ఒక్కటే దిక్కు.

ఆమె జంగ్లీఘాట్ చేరేసరికి పన్నెండు దాటింది. మోకాళ్లు పట్టేసి రెండేళ్లుగా సముద్రం మీదికి వెళ్లని దాలయ్య, గరాచర్మలో ఇంట్లో ఉండలేక, రోజూలాగే వచ్చి, ఫోన్ షాపుకెళ్లినప్పటి నుంచీ కట్టేసి ఉన్న తమ బోటులో కూర్చుని గాలాల తాడు సరిచేస్తున్నాడు. హరిత అన్నీ చెప్పింది, లోకేష్ సంగతి కూడా దాచకుండా. దాలయ్య తాడు పక్కన పెట్టలేదు. చివరిదాకా విని ఒక్క ప్రశ్న అడిగాడు.

"ఈ సెట్టులో సెప్తే ఎంతమందికి ఇనపడతాది?"

"సముద్రం మీద ఉన్న అన్ని బోట్లకీ నాన్నా."

ఏ చుక్క ఇల్లో చెప్పాలంటే నంబరు చెప్పాలి. చేపల చుక్కలు ఉన్నాయని అందరికీ తెలుస్తుంది. ఇరవై ఏళ్లు సొంత తమ్ముడికి కూడా చెప్పని మాట గాలిలో పెట్టడమే. అది హరితకీ తెలుసు, అందుకే ఆమె ఏడుగురున్నారు నాన్నా అని గట్టిగా అన్నది, తండ్రి కాదంటే పోట్లాడటానికి సిద్ధపడి.

"నాను అడిగింది నిన్ను కాదమ్మా, నన్ను నానే అడుక్కున్నాను," అన్నాడు దాలయ్య. పక్కకి జరిగి, వైర్‌లెస్ ముందు ఆమెకు చోటిచ్చాడు.

హరిత పిలిచింది. నాలుగోసారికి లక్ష్ముడు పలికాడు. ఆమె దాపరికం లేకుండా చెప్పింది: మీ దగ్గరున్న చుక్కలు మా నాన్నవి, వాటిలో పందొమ్మిది చోట్ల కింద మోళ్లూ గుంజలూ ఉన్నాయి, ఒడ్డు చాటుకు వెళ్లేముందు నంబరు చెప్పండి, ఏదో నేను చెబుతాను. అవతల కాసేపు గరగర, ఆ తర్వాత నవ్వు.

"మంచి సోట్లన్నీ ఇప్పుడే మోళ్లయిపోనాయేటి సెల్లెమ్మా? మొన్న మూడు సోట్లలో నాకొక్క మోడూ తగల్నేదే."

మాట తెంచేశాడు. హరిత మళ్లీ పిలిచింది, పలకలేదు. దొంగ సొత్తు పట్టుకున్నవాడికి సొత్తు యజమాని అబద్ధాలకోరుగా కనిపించడం ఎంత విడ్డూరం! కానీ అతని వైపు నుంచి ఆలోచిస్తే, నమ్మడానికి ఏముంది? గుర్తులు పోయినవాళ్లు ఎవరైనా ఇదే అంటారు.

నమ్మాలంటే నిజం ఒకటి చేతిలో పెట్టాలి. నష్టమయ్యే నిజం. ఆమె తండ్రి వైపు చూసింది. దాలయ్య ఫోన్ తీసుకుని, రబ్బరు బ్యాండు సర్ది, వేలితో జరిపి జరిపి ఒక పసుపు చేప దగ్గర ఆగాడు. ఎనభై ఎనిమిది. ఆ చోటుకి ఏడాదికి రెండుసార్లు మించి వెళ్లేవాడు కాదు, ఎవరైనా వెనక వస్తున్నారని అనుమానమొస్తే దారి తప్పించి ఉత్త చేతులతో తిరిగొచ్చేవాడు.

"ఇది సెప్పు."

"నాన్నా..."

"సెప్పమంటన్నాను కదా."

చెప్పింది. లక్ష్ముడు పలకకపోయినా వింటాడని నమ్మి, మూడుసార్లు చెప్పింది. ఎనభై ఎనిమిదిలో గాలం వేయండి, పడకపోతే నా మాట నమ్మకండి. ఆ తర్వాత తండ్రీ కూతుళ్లు ఎదురెదురుగా కూర్చున్నారు. జెట్టీ మీద ఐసు గడ్డలు కొడుతున్నారు. గాలి అప్పుడే లేస్తున్నది. ముప్పావుగంట గడిచాక సెట్టు గరగరలాడింది. ఈసారి లక్ష్ముడి గొంతులో నవ్వు లేదు.

"మూడు గాలాలకి మూడు పడ్డాయి సెల్లెమ్మా. ఇంత పెద్ద సూర నానెప్పుడూ సూణ్ణేదు." వెనకున్నవాళ్లని గాలాలు లాగమని అరిచాడు. "గాలి బలంగా ఉంది, సాటుకి పోతన్నాను. ఎదుట నూట ముప్పై నాలుగు ఉంది. అదేటి?"

హరిత ఫోన్‌లో చూసింది. చూడనవసరం లేదు, ఆమెకు తెలుసు. "ఇల్లు. వెళ్లొద్దు. దక్షిణంగా రెండు వంపులు దాటండి, అక్కడ ఇసుక అడుగు."

బోటు తిప్పుతున్న ఇంజను రొద సెట్టులో వినిపించింది. ఏడుగురు బయటపడ్డారు. ఒక చోటు పోయింది, పోనీ. ఆమె మైకు కొక్కేనికి తగిలించబోతుండగా ఇంకో గొంతు పలికింది. బెంగాలీ యాసలో హిందీ. దీదీ, మా ఫోన్‌లో కూడా ఆ చుక్కలున్నాయి, తొంభై ఒకటి దగ్గర లంగరు వేశాం, అదేమిటో చెప్పండి అని.

ఆమె అర్థం చేసుకునేలోపు ఇంకొకటి. ఆ తర్వాత ఇంకొకటి. ఐదు గొంతులు. ఐదు బోట్లు. ఒకరి ఫోన్ నుంచి ఒకరికి పాకిపోయాయో, లోకేష్ ఒట్టు అబద్ధమో, ఆలోచించే వ్యవధి లేదు. రెండువందల పన్నెండు చోట్లూ ఊరివైపోయాయి. దాలయ్య మొహంలోకి చూసే ధైర్యం ఆమెకు లేకపోయింది. మైకు మళ్లీ నోటి దగ్గర పెట్టుకుంది.

"అందరూ లైన్‌లో ఉండండి," అన్నది. "ఒక్కొక్కరు నంబర్ చెప్పండి. నేను చెప్పేదాకా ఎవరూ ఇంజన్ బంద్ చెయ్యొద్దు."

తొంభై ఒకటి ఇల్లు. లంగరు లేపించింది. నూట అరవై పువ్వు, భయం లేదు, ఉండమన్నది. ఇరవై ఏడు ఇల్లు. రెండువందల మూడు గొడుగు. నలుగురికి చెప్పి, ఐదోవాణ్ణి అడిగింది. ఆ గొంతు దూరం నుంచి, తెగుతూ తెగుతూ వచ్చింది. నంబర్ ఒకటి, దీదీ. దగ్గరికొచ్చేశాం. నంబర్ ఒకటి.

సునామీ తర్వాత దాలయ్య పెట్టిన మొట్టమొదటి గుర్తు అది. దాని మీద ఉన్నది ఇల్లు కాదు, చేప కాదు. నల్ల జెండా. రెండువందల పన్నెండింటిలో అదొక్కటే నల్లది. ఆ వానాకాలం ఫోన్‌లోకి ఎక్కించేటప్పుడు అక్కడేముందని హరిత అడిగితే తండ్రి లేచి వెళ్లిపోయాడు, ఆమె మళ్లీ అడగలేదు.

ఇప్పుడు అడగక తప్పదు. తలెత్తేసరికి దాలయ్య పక్కన లేడు. జెట్టీకి కట్టిన తాడు విప్పుతున్నాడు, మోకాళ్ల నొప్పి ఉన్న మనిషిలా కాదు.

"ఆణ్ణి అక్కడే ఆగమను. దగ్గరికెళ్లొద్దని సెప్పు," అన్నాడు. "నాను వస్తన్నానని సెప్పు."